కంటికి కొలత నేర్పిన గది



కొలతలు మనకు కొత్త కాదు. ఎసట్లో మానెడు బియ్యం పొయ్యాలా, తవ్వెడు చాలా అన్నది ఇంటికొచ్చిన చుట్టాల్ని చూసి చెప్పేస్తాం. పూలు కొనేటప్పుడు మూర సరిగ్గా వేస్తోందా లేదా అని పూలామె చేతివంకే చూస్తాం. చిటికెడు, గుప్పెడు, బెత్తెడు, జానెడు... మన కొలతలన్నీ మన చేతిలోనే ఉన్నాయి. మరి కంటికే కనబడని వస్తువును ఏ మూరతో కొలుస్తాం? ఆ విద్య ఎలా పుట్టిందో, అది నేర్పే గదిలోకి ఆడవాళ్లు ఎలా అడుగుపెట్టారో ఇవాళ చెప్పుకుందాం.

ముందు నా సంగతి ఒకటి చెబుతాను. ఇంటర్మీడియెట్‌లో చేరిన కొత్తలో, జీవశాస్త్రం లేబరేటరీలో మొదటిసారి సూక్ష్మదర్శిని ముందు నిలబడ్డాను. అరుగురు ఆడపిల్లలకు ఒక్క పరికరం. ఉల్లిపొర ఒలిచి, గాజుపలక మీద నీటిబొట్టులో పరిచి, పైన పల్చని గాజుబిళ్ల పెట్టి చూడాలి. నా వంతు వచ్చింది. గుండ్రంగా, చుట్టూ నల్లటి అంచుతో చక్కటి ఆకారాలు కనిపించాయి. సంబరపడిపోయి పెన్సిలు చెక్కుకుని బొమ్మ గీసేశాను. మేడమ్‌గారు చూసి నవ్వారు. "ఇవి కణాలు కావమ్మా, గాలిబుడగలు" అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. పక్కమ్మాయి పుస్తకంలో ఇటుకలు పేర్చినట్టు కణాలు ఎంతో ముచ్చటగా ఉన్నాయి. మేడమ్‌గారు అదీ చూశారు. "ఈ అమ్మాయి అసలు చూడనే లేదు, అచ్చుబొమ్మ దించేసింది. తప్పయినా నువ్వు చూసింది గీశావు. నీదే నయం. ఇప్పుడు మళ్లీ చూడు, ఎంత పొడుగుందో కొలిచి గీయి" అన్నారు. చూడడం కూడా నేర్చుకోవాల్సిన పనేనని నాకు ఆరోజు తెలిసింది.

ఈ విద్యలో తొలినాళ్లలోనే తలపండినవాడు పెద్ద చదువులు చదివినవాడు కాదు, ఒక బట్టల వర్తకుడు. హాలెండు దేశంలో డెల్ఫ్ట్ అనే ఊళ్లో 1632లో పుట్టిన ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్. బట్టలో పోగులు లెక్కపెట్టడానికి ఆ వ్యాపారులు చిన్న భూతద్దం వాడేవారు. ఈయన తన చేత్తోనే చిట్టి అద్దాలు అరగదీసి, అంతకంటే ఎన్నో రెట్లు పెద్దవిగా చూపే పరికరాలు చేసుకున్నాడు. మిరియానికి ఆ ఘాటు ఎక్కణ్ణుంచి వస్తుందో చూడాలనిపించింది ఆయనకు. మిరియాలు నీళ్లలో నానబెట్టి చూస్తే, ఆ నీళ్లలో లెక్కలేనన్ని జీవులు కదులుతున్నాయి! ఆ సంగతి 1676లో లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు.

ఎవరు నమ్ముతారు చెప్పండి? కళ్లకు కనిపించనివి ఉన్నాయంటే, ఎంతున్నాయో కూడా చెప్పాలి. ఆ రోజుల్లో అంత చిన్న కొలబద్ద లేదు. అందుకని ఆయన అందరికీ తెలిసిన వస్తువులే కొలతగా పెట్టుకున్నాడు: ఇసుక రేణువు, తలవెంట్రుక, పేను కన్ను. పేల సంగతి మనకు తెలియనిది కాదు గదా! రక్తంలోని ఎర్రకణం సన్నటి ఇసుక రేణువులో 25,000వ వంతు ఉంటుందని ఆయన లెక్క. ఈనాటి లెక్కతో పోల్చి చూస్తే ఆ అంచనా చాలా దగ్గర్లోనే ఉంది. చివరికి 1677 నవంబరులో రాబర్ట్ హుక్ మిరియాల నీళ్లు తయారుచేసి, సొసైటీ సభ్యులకు ఆ జీవుల్ని కళ్లారా చూపించాక గాని నమ్మకం కుదరలేదు. చూశానంటే చాలదు, ఇంకొకళ్లు చూసినా అదే కనబడాలి, కొలిచినా అంతే రావాలి.

ఇసుక రేణువులు అన్నీ ఒక్కలా ఉండవు కాబట్టి, తరువాత గాజుమీద గీతలు గీసిన కొలబద్దలు వచ్చాయి. ఇప్పటి లేబరేటరీలో పిల్లలు నేర్చుకునే పద్ధతి ఇది. ఒక మిల్లీమీటరును 100 భాగాలుగా గీసిన గాజుపలకను పరికరం కింద పెడతారు. అందులో ఒక్కో భాగం 10 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు పది. కన్ను ఆనించే గొట్టంలో ఇంకో గీతల బిళ్ల ఉంటుంది. దాని గీతలకు స్వంత విలువ లేదు. కిందివాటితో పోల్చి విలువ కట్టాలి. పైన 40 గీతలు కింద 10 గీతలతో సరిపోయాయనుకోండి, కిందివి 100 మైక్రాన్లు గనక పైన ఒక్కో గీత రెండున్నర మైక్రాన్లన్నమాట. అద్దం మారిస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. కొత్త గ్లాసు తెచ్చుకుంటే సోలకు ఎన్ని గ్లాసులో మళ్లీ చూసుకోమూ? అలాగే.

ఇది పుస్తకం చదివితే వచ్చేది కాదు. అద్దాన్ని పలక దగ్గరికి దించేటప్పుడు పక్కనుంచి చూడాలి, లేకపోతే పలక పగులుతుంది. పలకను ఎడమకు జరిపితే బొమ్మ కుడికి పోతుంది. చెయ్యి దానికి అలవాటు పడాలి. ఈ సంగతి గ్రహించి అందరికీ నేర్పే ఏర్పాటు చేసిన వారిలో ముఖ్యుడు ఇంగ్లండులో థామస్ హక్స్‌లీ. 1871 వేసవిలో ఆయన బడిపంతుళ్లకు పాఠాలు పెట్టి, ఉపన్యాసం వినగానే వాళ్లచేతే పరికరం పట్టించాడు. 1875లో మార్టిన్‌తో కలిసి ఆ పాఠాల్ని పుస్తకంగా తెచ్చాడు. అందులో మొదటి పాఠం పులియబెట్టే ఈస్టు, చివరి పాఠం కప్ప.

హక్స్‌లీకి ఆ పాఠాల్లో సాయపడ్డ మైకేల్ ఫాస్టర్ కేంబ్రిడ్జిలో అదే పద్ధతి నాటాడు. ఆయన శిష్యుడు ఫ్రాన్సిస్ బాల్ఫర్. అప్పటికి కేంబ్రిడ్జిలో గర్టన్, న్యూన్‌హామ్ అని ఆడపిల్లల కాలేజీలు రెండున్నాయి. 1881లో విశ్వవిద్యాలయం పరీక్షలు రాసే అనుమతి వాళ్లకు వచ్చింది. డిగ్రీ మాత్రం ఇవ్వరు! లేబరేటరీలో చోటు కూడా హక్కు కాదు, ఆచార్యుల దయ. చూడనిదే, కొలవనిదే పరీక్ష ఎలా రాస్తారు?

దయ మీద ఎన్నాళ్లు? 1882లో బాల్ఫర్ ఆల్ప్స్ కొండల్లో జారిపడి చిన్న వయసులోనే పోయాడు. ఆయన అక్క ఎలినార్ సిడ్జ్‌విక్ న్యూన్‌హామ్ పెద్దల్లో ఒకరు. పాత ప్రార్థనామందిరం ఒకటి తీసుకుని, దాన్ని బాగుచేసి, 1884లో ఆడవాళ్లకోసమే ఒక లేబరేటరీ తెరిచారు. దానికి బాల్ఫర్ పేరే పెట్టారు. అక్కడ పాఠం చెప్పేదీ, తప్పు దిద్దేదీ, పరికరం తిప్పేదీ ఆడవాళ్లే. ఆలిస్ జాన్సన్, ఆమె తరువాత మేరియన్ గ్రీన్‌వుడ్, ఆపైన ఎడిత్ సాండర్స్ దాన్ని నడిపారు. గ్రీన్‌వుడ్ అమీబావంటి ఏకకణ జీవులు తిండి ఎలా అరిగించుకుంటాయో సూక్ష్మదర్శినిలో పరిశీలించింది. సాండర్స్ మొక్కలమీద ప్రయోగాలు చేసి, విలియం బేట్‌సన్‌తోపాటు జన్యుశాస్త్రానికి పునాదులు వేసింది. 1914 నాటికి విశ్వవిద్యాలయం లేబరేటరీల్లో ఆడవాళ్లకు చోటు దొరకడంతో ఈ గది మూసేశారు. కేంబ్రిడ్జి ఆడవాళ్లకు పూర్తి డిగ్రీలిచ్చింది మాత్రం 1948 నుంచే.

చిత్రమేమిటంటే, ఆ గది మూతపడ్డ 1914లోనే మన మద్రాసులో ఆడపిల్లల కాలేజీ ఒకటి తెరిచారు. అదే తరువాత క్వీన్ మేరీస్ కాలేజీ అయింది. మన తెలుగు జిల్లాలు చాలావరకు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే. తలచేరిలో పుట్టిన జానకి అమ్మాళ్ ఆ కాలేజీలో చదివి, ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్లి, అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో 1931లో డాక్టరేటు తెచ్చుకుంది. కోయంబత్తూరులో చెరకు మొక్కల క్రోమోజోములు పరిశీలించింది. 1945లో డార్లింగ్‌టన్‌తో కలిసి, సాగు మొక్కల్లో దేనికెన్ని క్రోమోజోములున్నాయో తెలిపే పెద్ద గ్రంథం వెలువరించింది. ఆ లెక్కలు చెయ్యి తిరిగిన చూపుకు గాని అందవు.

మా లేబరేటరీ సంగతి మళ్లీ గుర్తొస్తోంది. మగపిల్లలు పరికరం మరలు తిప్పేవారు, మేం రికార్డుబుక్కులో అందంగా బొమ్మలు వేసేవాళ్లం. "ఆడపిల్లల రికార్డు ముత్యాల్లా ఉంది" అని మెచ్చుకునేవారు. ఆ మెప్పుకి మేం పొంగిపోయాం. చూసింది ఎవరు, చూడకుండా గీసింది ఎవరు అని ఎవరూ అడగలేదు, ఒక్క మేడమ్‌గారు తప్ప. కేంబ్రిడ్జిలో ఆ అమ్మాయిలు పోరాడింది అందమైన బొమ్మకోసం కాదు, ఆ మర తిప్పే హక్కు కోసం.

అందుకని మీ అమ్మాయి కాలేజీ నుంచి రాగానే "మార్కులెన్ని?" అని అడగండి, వద్దనను. దాంతోపాటు, "ఇవాళ నీ చేత్తో ఏం చూశావు? ఎంతుందో కొలిచావా?" అని కూడా అడగండి. గాలిబుడగను చూసి కణమనుకున్నానని చెప్పినా నవ్వకండి. రేపు మళ్లీ చూడమనండి.

సెలవు.