బాలగ్రంథి – చిట్టెలుకలు

మా కోరుకొండకు దగ్గరనున్న రాజమహేంద్రవరంలో చదువుకొన్న యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ గోదావరి సీమకు క్రొత్త కాదు. లెడర్లీ ప్రయోగశాలలో వారి బృందం సిద్ధం చేసిన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో రక్తకేన్సర్ సోకిన పిల్లలకిచ్చి, 16 మందిలో 10 మందికి కొంతకాలం గుణం కనిపించిందని 1948లో ప్రకటించాడు. ఆ యేడే ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. మందు దొరికింది గాని, జబ్బు పుట్టుక అంతుపట్టలేదు. చిట్టెలుకలలో ఆ పుట్టుకను వెదకిన కథ తెలుగులో నాకంతగా కనబడలేదు. అందుకే ఈ టపా.

రొమ్ముటెముక వెనుకనుండే థైమస్‌ను మన పుస్తకాలు బాలగ్రంథి అన్నాయి. ఎవరు కల్పించారో గాని చక్కని పేరు! బాల్యంలో పెద్దది, యౌవనం దాటగా కుదించుకుపోతుంది. వైద్యులు చాలాకాలం దీనిని పనిలేనిదిగానే ఎంచారు.

రక్తకేన్సర్ తరతరాలుగా వచ్చే ఒక జాతి చిట్టెలుకలలో ఈ గ్రంథిని తీసివేస్తే చాలావాటికి జబ్బు రాలేదని 1944లో జేకబ్ ఫర్త్ బృందం చూపింది. 1951లో లుడ్విక్ గ్రాస్, జబ్బు ఎలుకల నుండి కణాలు లేకుండా వడకట్టిన ద్రవాన్ని వేరొక జాతి పసికూనలకు ఎక్కించి జబ్బు తెప్పించాడు. కారణం వైరస్ అన్నమాట! తోటివారు చాలామంది నమ్మలేదు.

అసలు చిక్కుముడి విప్పినవాడు లండన్‌లో పనిచేసిన జాక్ మిల్లర్. గ్రాస్ వైరస్‌ను పుట్టగానే ఎక్కించి, నెల వయసులో బాలగ్రంథిని తీసివేస్తే కూనలకు జబ్బు రాలేదు. ఆరునెలలు గడచిన పిమ్మట సైతం అదే జాతి ఎలుక గ్రంథిని తెచ్చి నాటితే వచ్చింది! అంటే వైరస్ అన్నాళ్ళూ ఒంట్లోనే పొంచియున్నది. కణాలు వడివడిగా విభజన చెందే ఆ గ్రంథి లేక దానికి రాజుకొనే పొయ్యి కరవైంది. పిల్లల రక్తకేన్సర్లలో ఎక్కువ భాగం బాలగ్రంథిలో పుట్టేవి కావు గనుక ఈ ఫలితాన్ని మనుష్యులకు యథాతథంగా అంటగట్టరాదు.

వైరస్ పెరగటానికే గ్రంథి కావాలా అని మిల్లర్‌కు సందేహం. పుట్టిన రోజుననే దానిని తీసిచూశాడు. కూనలు మొదట బాగానే ఎదిగి, పిదప చిక్కి, రోగాలపాలై చచ్చాయి. లింఫోసైట్లు తగ్గిపోయాయి. రోగనిరోధకశక్తికి మూలమైన గ్రంథి ఇదేనని 1961లో 'లాన్సెట్' పత్రికలో వ్రాశాడు. పరజాతి ఎలుక చర్మం అతికినా ఆ కూనల శరీరం వెలివేయలేదు. దానిపై బొచ్చు కూడా మొలిచింది.