వోటర్ల పట్టికలో పేరులేని స్త్రీలు

సమానత్వమను మాట మనకు క్రొత్త కాదు. సభలలో తఱచుగా వినుచునే యున్నాము. అది యింటి వాకిటికి వచ్చి, ఈ యింట నుండువారి పేర్లేమని యడిగిననాడు ఏమి జరిగెనో మీకు మనవి చేయదలచితిని.

పూర్వము మన దేశమున వోటు ధనమును వెన్నంటి తిరుగుచుండెడిది. 1919, 1935 సంవత్సరముల శాసనముల క్రింద నిర్ణీతమైన పన్ను చెల్లించువారికో, కొంత చదువుగలవారికో గాని యది లభింపలేదు. 1937 ఎన్నికలలో బ్రిటిషు రాష్ట్రములన్నిట కలిపి వోటర్లు సుమారు 3 కోట్లు మాత్రమే. పెక్కుచోట్ల స్త్రీకి వోటు భర్త యాస్తినిబట్టి వచ్చెడిది. భూమిలేని పాలేరును, వాని భార్యయు ఎన్నికనాడు సైతము చేలలోనే యుండిరి.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము ఈ కొలతను త్రోసివైచెను. 326వ అధికరణము ననుసరించి 21 సంవత్సరములు నిండినవారందఱును వోటర్లైరి. జమీందారున కొక వోటు, ఆయన గుఱ్ఱపువానికి నొక వోటు. చదువురానివారు వోటెట్లు వేయుదురని సంశయించినవారు లేకపోలేదు. అందులకు కనిపెట్టిన యుపాయము మిక్కిలి సులభము: ఒక్కొక్క అభ్యర్థికి వేఱుగా నొక పెట్టె, దానిపై నొక గుర్తు. కాగితముపై గీతయైన గీయనక్కఱలేదు. నచ్చిన పెట్టెలో వేసిన చాలును.

చిక్కు మఱియొకచోట వచ్చెను. పట్టిక వ్రాయుటకై గుమస్తాలు ఇల్లిల్లు తిరిగిరి. ఉత్తరదేశమున పెక్కు గ్రామములలో వాకిట నిలిచి సమాధానము చెప్పినవాడు పురుషుడు. తన పేరు చెప్పెను. కొడుకుల పేర్లు చెప్పెను. స్త్రీల వంతు రాగానే ఫలానావాని భార్య, ఫలానావాని తల్లి యనెను. పరాయివానికి ఇంటి యాడువారి పేరు చెప్పుట మర్యాద కాదని వారి యాచారము. (మనలో నిల్లాలు మగని పేరు పలుకుటకు సిగ్గుపడెడిది గదా! కావున వారిని చూచి నవ్వుటకు మనకు హక్కు లేదు.) గుమస్తా చెప్పినది చెప్పినట్లే వ్రాసికొని పోయెను.

ప్రథమ ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ దీని నంగీకరింపలేదు. ఆ వర్ణనలను తీసివేసి అసలు పేర్లు చేర్పవలెనని ఆజ్ఞాపించెను. కొందఱు చెప్పిరి, కొందఱు చెప్పరైరి. తుదకు సుమారు 8 కోట్ల స్త్రీ వోటర్లలో దాదాపు 28 లక్షలమంది పేర్లు, పేర్లనరాదు, ఆ వర్ణనలు, కొట్టివేయబడెను. వీరిలో పెక్కుమంది బీహారు, ఉత్తరప్రదేశము, రాజస్థానము మొదలగు ప్రాంతములవారు. 1951 అక్టోబరులో హిమాచలమందలి చీనీలో మొదలై 1952 ఫిబ్రవరిలో ముగిసిన ఆ మహానిర్వాచనమున వోటర్లు 17 కోట్లకు పైగా నుండిరి. ఈ 28 లక్షలమంది మాత్రము వాకిలి దాటలేదు.

ఇది న్యాయమా? ఈ ప్రశ్న నన్ను చాలకాలము ముల్లువలె బాధించినది. తప్పు వాకిట నిలిచినవానిది; శిక్ష లోపలనున్న యామెకు. ఐనను సేన్‌గారి పట్టు సరియైనదే యని నా యభిప్రాయము. ఫలానావాని భార్య యని వ్రాసినచో, వోటువేయ వచ్చినది ఆమెయో కాదో తేల్చుట కష్టము. అంతకంటె ముఖ్యమైనది వేఱొకటి కలదు. అట్లు వ్రాసిన వోటు వెనుకటి శాసనములందువలెనే మరల భర్తనుండి సంక్రమించినట్లగును. రాజ్యాంగము ఆమెకు వోటిచ్చినది ఒకని భార్య యగుటచేత గాదు గదా!

ఈ తొలగింపువలన దేశమున కలిగిన అలజడియు మంచిదే యనియు, మఱుసటి యెన్నికలలోపల ఆ యాచారము సడలుటకు తోడ్పడుననియు సేన్ తలచెను. అట్లే 1957 నాటికి ఆ లోపము చాలవఱకు తీరెను. పిమ్మట 61వ సవరణచే 1989లో వోటు వయస్సు 18 సంవత్సరములకు తగ్గినది.

మీ గ్రామపు వోటర్ల పట్టిక దొరకినపుడు తెఱచి చూడుడు. ప్రతి స్త్రీ గడిలోను మొదటి పంక్తి ఆమె పేరు. తండ్రి పేరో, భర్త పేరో దాని క్రింది పంక్తిలో నుండును.