సెలైన్ సీసా ఖాళీ అయిన చోట: పిల్లల డాక్టర్ దిలీప్ మహలనబిస్ కథ



వానాకాలం వచ్చిందంటే మన గూడేల్లో ఏం జరుగుద్దో మీకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఊట నీళ్లు, చెలమ నీళ్లు పాడైపోతాయి. ముందు ఒక ఇంట్లో, తర్వాత నాలుగు ఇళ్లలో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. పెద్దోళ్లు ఎలాగో తట్టుకుంటారు గానీ చిన్నపిల్లలు ఒక్క రోజులోనే వాడిపోతారు. వాగు పొంగితే అంబులెన్స్ రాదు, ఇక డోలీయే దిక్కు. "సెలైన్ ఎక్కిస్తే గానీ బతకడు" అని పిల్లాణ్ని మోసుకుని మైళ్లకు మైళ్లు నడుస్తాం. ఆ దారిలో చాలాసార్లు ఒక్క చుక్క నీళ్లు కూడా తాగించం. తాగిస్తే విరేచనాలు ఎక్కువవుతాయని భయం.

ఆ భయం తప్పని ప్రపంచానికి చూపించిన ఒక పిల్లల డాక్టర్ గురించి ఈ పోస్టు. కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ఆయన పేరు దిలీప్ మహలనబిస్. 1934లో అవిభక్త బెంగాల్‌లోని కిశోర్‌గంజ్‌లో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. 1958లో కలకత్తా మెడికల్ కాలేజీలో డాక్టరీ పూర్తి చేసి, పిల్లల వైద్యం వైపు వెళ్లారు. తర్వాత లండన్ వెళ్లి, 28 ఏళ్లకే అక్కడి క్వీన్ ఎలిజబెత్ పిల్లల ఆసుపత్రిలో రిజిస్ట్రార్ అయ్యారు. అక్కడే ఉండిపోతే పెద్ద జీతం, సుఖమైన జీవితం. కానీ 1960లలో కలకత్తా తిరిగొచ్చి, జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ అక్కడ నడిపే పరిశోధనా కేంద్రంలో చేరారు. కలరా వచ్చినవాళ్లకు సూది లేకుండా నోటితోనే నీళ్లు ఎక్కించొచ్చా అన్నది ఆయన పని.

ఇక్కడ ఒక సంగతి అర్థం చేసుకోవాలి. కలరా మనిషిని చంపేది ముఖ్యంగా నీళ్లు పోగొట్టే. ఒంట్లో నీళ్లు, ఉప్పు గంటల్లో బయటికి పోతాయి. అవి తిరిగి లోపలికి వెళ్తే మనిషి బతుకుతాడు. సెలైన్ చేసే పని అదే. మరి ఉత్త నీళ్లు తాగితే ఏంటి? ఆ సమయంలో పేగు వాటిని సరిగ్గా పీల్చుకోదు. ఉత్త ఉప్పు నీళ్లదీ అదే గతి. కానీ ఉప్పుతో పాటు సరిపడా గ్లూకోజు ఉంటే రెండూ జోడీగా పేగు గోడ దాటి లోపలికి పోతాయి, వాటి వెనకే నీళ్లూ పోతాయి. కలరా ఎంత ముదిరినా ఈ దారి మాత్రం మూసుకుపోదు. ఈ జోడీ సంగతిని 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త చెప్పారు. అంతకన్నా ముందే, 1953లో, కలకత్తాలో హేమేంద్రనాథ్ ఛటర్జీ అనే డాక్టర్ 186 మంది రోగులకు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి, ఆ సంగతి లాన్సెట్ పత్రికలో రాశారు. ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు. 1968లో ఢాకాలో డేవిడ్ నలిన్, రిచర్డ్ క్యాష్ అనే కుర్ర డాక్టర్లు లెక్కలతో సహా రుజువు చేశారు. అయినా చాలామంది డాక్టర్ల మాట ఒకటే: "ఆసుపత్రిలో, డాక్టర్ కళ్ల ముందు అయితే సరే. బయట, చదువు రానివాళ్ల చేతికి ఇస్తే కుదరదు."

ఈ మాట మనం ఎక్కడో విన్నట్టు లేదూ?

1971లో ఆ మాటకు పరీక్ష వచ్చింది. తూర్పు పాకిస్తాన్‌లో యుద్ధం, ఊచకోతలు. దాదాపు కోటి మంది సరిహద్దు దాటి మన దేశంలోకి వచ్చారు. పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ దగ్గరే సుమారు మూడున్నర లక్షల మంది చేరారు. వానలు, బురద, తాగడానికి మంచినీళ్లు లేవు. కలరా అంటుకుంది. మహలనబిస్ బృందం అక్కడికి వెళ్లింది. ఆసుపత్రిలో కలరా కోసం ఉన్నవి రెండు గదులు, 16 మంచాలు. రోగులు నేల నిండా పడి ఉన్నారు. మలం, వాంతుల మధ్య మోకాళ్ల మీద కూర్చుని సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. బృందంలో సెలైన్ ఎక్కించడం బాగా వచ్చినవాళ్లు ఇద్దరే. రెండు రోజుల్లోనే ఆయనకి అర్థమైపోయింది: సెలైన్ సరిపోదు, ఈ పద్ధతిలో ఓడిపోతున్నాం.

అప్పుడు ఆయన తీసుకున్న నిర్ణయమే చరిత్ర. ఉన్న కొద్ది సెలైన్‌ను స్పృహ తప్పే స్థితిలో ఉన్నవాళ్లకు ఉంచి, మిగతావాళ్లందరికీ ఉప్పు, గ్లూకోజు నీళ్లు తాగించాలనుకున్నారు. లీటరు నీళ్లకు 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంట సోడా. అంతే. కలకత్తాలో తమ కేంద్రం లైబ్రరీ గదిలోనే తూకం వేసి, పాలిథిన్ సంచుల్లో పోసి, ఇస్త్రీ పెట్టెతో అంటించి బన్‌గావ్ పంపారు. అక్కడ డ్రమ్ముల్లో కలిపి పెట్టారు. సిబ్బందికి మొదట నమ్మకం కుదరలేదు. అసలు వైద్యం అంటే సూదే కదా అనుకున్నారు. అందుకే దానికి "తాగే సెలైన్" అని పేరు పెట్టారు.

మరి తాగించింది ఎవరు? డాక్టర్లు కాదు, నర్సులూ కాదు. తల్లులు, అక్కలు, తాతలు, పక్కన కూర్చున్న బంధువులు. డ్రమ్ము దగ్గరికి కప్పు పట్టుకెళ్లి పట్టుకురావడం, కొంచెం కొంచెంగా తాగించడం. అప్పటిదాకా శిబిరాల్లో కలరా వచ్చినవాళ్లలో 30 శాతం దాకా చనిపోతుండేవాళ్లు. బన్‌గావ్‌లో సుమారు 3,700 మందికి వైద్యం చేస్తే చనిపోయినవాళ్లు 3.6 శాతం. అదే వాన, అదే బురద, అదే జనం. మారింది ఒక్కటే: మందు డాక్టర్ చేతిలోంచి తల్లి చేతికి వచ్చింది.

ఈ ఫలితాలు 1973లో ప్రచురితమయ్యాయి. వెంటనే ఎవరూ చప్పట్లు కొట్టలేదు. శిబిరానికి వచ్చి కళ్లారా చూసిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధికారి ధీమాన్ బారువా మాత్రం గట్టిగా నిలబడ్డారు. 1978లో ఆ సంస్థ విరేచనాల నివారణకు ప్రపంచవ్యాప్త కార్యక్రమం మొదలుపెట్టింది. అదే ఏడాది లాన్సెట్ పత్రిక దీన్ని ఈ శతాబ్దపు అతి ముఖ్యమైన వైద్య పురోగతి కావచ్చని రాసింది. తర్వాత బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ మహిళా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లంతో ఈ నీళ్లు కలపడం తల్లులకు నేర్పించారు. పదేళ్లలో కోటికి పైగా ఇళ్లు తిరిగారు. మహలనబిస్ ఆ తర్వాత కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థలో, ఢాకాలోని పరిశోధనా కేంద్రంలో ఇదే పని మీద ఉన్నారు. చివర్లో కలకత్తాలో, తన తొలినాళ్ల పిల్లల ఆసుపత్రికి కోటి రూపాయలు ఇచ్చారు. 2022 అక్టోబర్‌లో చనిపోయారు. పద్మవిభూషణ్ ప్రకటించింది ఆ తర్వాత, 2023లో. బతికుండగా మన దేశంలో ఆయన పేరు ఎంతమందికి తెలుసు?

ఇది మనకెందుకంటే, ఆ శిబిరానికీ మన గూడేనికీ పెద్ద తేడా లేదు. డాక్టర్ దూరం, సెలైన్ దూరం, రోడ్డు లేదు. రోడ్డు కోసం, ఆసుపత్రి కోసం, మంచినీళ్ల కోసం కొట్లాడాల్సిందే, అందులో వెనకడుగు లేదు. ఓఆర్ఎస్ ఉంది కదా అని సర్కారు చేతులు దులుపుకోకూడదు. కానీ ఆ రోడ్డు వచ్చేదాకా పిల్లలు ఆగరు కదా.

అందుకే మనం చేయగలిగినవి ఇవి. ఆశా అక్క దగ్గర, అంగన్‌వాడీలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉచితంగా ఇస్తారు. వానలకు ముందే తెచ్చి ప్రతి ఇంట్లో ఉంచాలి. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసి ఉంటే అన్ని నీళ్లలోనే మొత్తం ప్యాకెట్ కలపాలి. కాచి చల్లార్చిన నీళ్లయితే మంచిది. కలిపింది 24 గంటల్లో వాడేయాలి. పిల్లాడికి చెంచాతో కొంచెం కొంచెంగా పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మెల్లగా పట్టాలి. తల్లి పాలు, తిండి ఆపకూడదు. జింకు బిళ్లలు ఇస్తే విరేచనాలు తగ్గినా 14 రోజులూ వేయాలి. పిల్లాడు మత్తుగా పడి ఉన్నా, తాగలేకపోయినా, కళ్లు లోపలికి పోయినా, ఒంటికి పోయకపోయినా, విరేచనంలో నెత్తురు పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తాగగలిగితే దారి పొడుగునా తాగిస్తూనే వెళ్లాలి.

ఇంకో మాట. సంతల్లో, మందుల షాపుల్లో ఓఆర్ఎస్ పేరు తగిలించి తీపి డ్రింకులు అమ్మేవాళ్లు. చక్కెర మరీ ఎక్కువైతే అది పేగులోకి నీళ్లు లాగి విరేచనాలు ఇంకా పెంచుద్ది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబర్‌లో అలాంటి డ్రింకుల మీద ఓఆర్ఎస్ అనే మాట వాడొద్దని ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. కాబట్టి కొనేముందు డబ్బా మీద ఏం రాసుందో చదవండి, చదవడం రానివాళ్లకు మీరే చదివి పెట్టండి.

మనలో హాస్టళ్లలో ఉండి నర్సింగ్, ఫార్మసీ, ఎంబీబీఎస్ చదివేవాళ్లు ఉన్నారు. ఏమీ దొరక్క మామూలు డిగ్రీలో చేరినవాళ్లూ ఉన్నారు. ఈ పనికి డిగ్రీ అక్కర్లేదని 1971లోనే బన్‌గావ్ తల్లులు చూపించారు. సెలవులకి ఊరెళ్లినప్పుడు అమ్మకి, పెద్దమ్మకి, పక్కింటి వదినకి మన భాషలో చెప్పండి, ఒకసారి కలిపి చూపించండి. గోండీలోనో, కోయలోనో, కువిలోనో, సవరలోనో చెప్తే గోడ మీద తెలుగు పోస్టర్ కన్నా బాగా ఎక్కుద్ది. మీ గూడెంలో ప్యాకెట్లు అందకపోతే కామెంట్‌లో ఊరి పేరు పెట్టండి, అందరం కలిసి పీహెచ్‌సీలో అడుగుదాం.

జోహార్.