ఓడెక్కిన బళ్ళారి నాటకం

కళాకారులను విదేశాలకు పిలిచి, కొన్నాళ్ళు అక్కడే ఉంచుకునే ఏర్పాట్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. మన బళ్ళారికి ఆ చూపు పాతదే. కోలాచలం శ్రీనివాసరావుగారు 1908లోనే ప్రపంచ నాటక చరిత్రను ఇంగ్లీషులో రాశారు. వకీలైన బళ్ళారి రాఘవగారు ఇంగ్లండు వెళ్ళి బెర్నార్డ్ షాను కలిశారు. తెలుగు, కన్నడం, ఇంగ్లీషు మూడింటా నటించిన ఆయనకు పరభాషంటే బెరుకు లేదు. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని వాదించి, వారిని రంగస్థలం మీదికి తెచ్చారు.

1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరాక మనం భాషా అల్పసంఖ్యాకులమయ్యాం. దోణిమలైలో బ్యాంకు పద్దులు చూసే నాకు తోచేదొక్కటే: ఇక్కడి ఇనుప ఖనిజం ఓడెక్కితే తిరిగిరాదు, కళ వెళ్ళినచోటా మిగులుతుంది, ఇంటికీ వస్తుంది. అయితే ముందు మన ఖాతాలో ఏదో ఉండాలి కదా! పిల్లలకు తెలుగు నాటకమే నేర్పకపోతే, రేపు ఏ దేశం పిలిచినా వాళ్ళు ఏం పట్టుకెళతారు?