పసిబిడ్డల ఆయాసము - ఒక చికిత్స చరిత్ర

విశాఖపట్టణమునకు సుమారు 115 కిలోమీటర్ల దూరమున, తూర్పు కనుమలలో 900 మీటర్ల ఎత్తున అరకులోయ కలదు. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఇది చేరియున్నది. వానలు, చలి ముదిరిన దినములలో ఇచటి పసిబిడ్డలకు జలుబు చేసి, రెండు మూడు దినములలోనే పిల్లికూతలు, ఆయాసము పుట్టుట కలదు. రెండేండ్లలోపు వారికి ఇట్లు వచ్చు వ్యాధులలో ముఖ్యమైనది బ్రాంకియోలైటిస్, అనగా సూక్ష్మశ్వాసనాళికల వాపు.

పెద్దలకు వట్టి జలుబుగా పోవునది పసివారికి ప్రాణాపాయమేల? నాళము వ్యాసార్ధము సగమైనచో, నిలకడగా సాగు ప్రవాహమునకు నిరోధము 16 రెట్లగునని భౌతికశాస్త్రము తెలుపుచున్నది. బిడ్డ నాళికలు మొదటనే మిక్కిలి సన్ననివి. కొద్దిపాటి వాపు, కొంత శ్లేష్మము చాలును.

1956లో అమెరికాలో జలుబుచేసిన చింపాంజీలనుండి ఒక వైరస్‌ను వేరుచేసిరి. మరుసటి యేడు రాబర్ట్ చానక్, ఆయన సహచరులు అదే వైరస్‌ను రోగగ్రస్తులైన శిశువులలో కనుగొనిరి. దానినే ఆర్.ఎస్.వి. అందురు. ఈ వ్యాధికి అదియే ప్రధాన కారణమని తరువాత తేలినది.

అయినను మందు దొరకలేదు. యాంటీబయాటిక్కులు బాక్టీరియాలను చంపునేగాని వైరస్‌లను చంపవు. ఉబ్బసపు మందులు నాళికల కండరములను సడలించును. ఇచట అడ్డు ముఖ్యముగా వాపు, శ్లేష్మములే. స్టీరాయిడ్లును ఆశించిన మేలు చేయలేదు. 1960 దశకము మధ్యలో అమెరికాలో పరీక్షించిన టీకా వికటించి, వ్యాధి తీవ్రమై ఇద్దరు శిశువులు మరణించిరి. నిర్సెవిమాబ్ అను నివారక ప్రతిరక్షకము 2022-23లో గాని ఐరోపా, అమెరికాల అనుమతి పొందలేదు.

ఆక్సిజన్ తప్ప మరే చికిత్సకును గట్టి ఆధారము లేదని రేనాల్డ్స్, కుక్ అను వైద్యులు 1963లోనే వ్రాసిరి. 2014లో అమెరికా శిశువైద్యుల అకాడమీయు పై మందులను వాడుక చికిత్సగా ఈయవద్దని చెప్పినది. ఆసుపత్రిలో చేయవలసినది ముక్కు శుభ్రపరచుట, అవసరమైనచో ఆక్సిజన్ ఇచ్చుట, పాలు కొద్దికొద్దిగా పట్టుట, త్రాగలేనిచో గొట్టముద్వారా గాని సూదిద్వారా గాని ద్రవము లందించుట. రక్తములోని ఆక్సిజన్‌ను చర్మముపైనుండియే కొలుచు పద్ధతిని జపాను ఇంజనీరు తకువొ అయోయాగి 1974లో ప్రకటించెను. నేడా పరికరము అరచేతిలో ఇముడును.

ఇంత సాధారణమైన చికిత్సకు కొండలలో దూరమే శత్రువు. అరకు ఎత్తున వాయుపీడనము సముద్రతీరమున కంటె సుమారు పదవవంతు తక్కువ. ఊపిరాడని బిడ్డకు ఆ కొరతయు భారమే. బాటలేని గూడెములనుండి రోగులను డోలీలలో మోసికొనివచ్చుట నేటికిని కలదు.

కావున అపాయమును ఇంటివద్దనే గుర్తింపవలెను. బిడ్డ ఏడువకుండ నున్నపుడు ఒక నిమిషము పూర్తిగా ఊపిరులు లెక్కింపవలెను. రెండు నెలలలోపు 60, ఏడాదిలోపు 50, ఆపై అయిదేండ్లలోపు 40, లేక అంతకు మించినచో అది వేగపు శ్వాస; వైద్యునకు చూపవలెను. డొక్కలు ఎగురవేయుచున్నను, పాలు త్రాగకున్నను, పెదవులు నీలమైనను క్షణమైన ఆగక ఆసుపత్రికి చేర్పవలెను. ఈ లెక్కకు గడియారము చాలును. ఏడవ తరగతి విద్యార్థియు నేర్చి తల్లికి చెప్పగలడు.