ఇంటిపేరు మారిన పురుగు

ఉప్పునీటి అక్వేరియంను ఎప్పుడైనా దగ్గరగా నిలబడి చూశారా? చేపలను, పగడాలను కాసేపు పక్కనపెట్టి గాజు గోడనే పరీక్షగా చూడండి. కొన్ని తొట్లలో దాని మీద తుప్పు రంగు మచ్చలు కనిపిస్తాయి. ఒక్కొక్కటి కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది. కాసేపు ఆగితే ఆ మచ్చలు మెల్లగా జారుతూ కదులుతాయి! అవి పురుగులు. వెలుతురు బాగా పడేచోట గుంపుగా చేరతాయి.

ఇవి ఏ పురుగులు? వానపాముకు ఉన్నట్లు దేహంలో ఖండితాలు లేవు. నీరిస్‌కు ఉన్నట్లు పక్కల శూకాలూ లేవు. కనుక అనెలిడా వర్గానివి కావు. దేహం ఆకులా పలచగా ఉంది. అయితే ప్లాటీహెల్మింథిస్, అంటే చదును పురుగుల వర్గమే అని మీరు తేల్చేస్తారు. మీ తప్పేమీ లేదు. శాస్త్రజ్ఞులు కూడా నూరేళ్ళకు పైగా అలాగే అనుకున్నారు. అది సరికాదని ఎలా తెలిసిందో చెప్పాలంటే, ఈ పురుగుల ఆకుపచ్చని బంధువు ఒకదాని కథతో మొదలుపెట్టాలి.

ఫ్రాన్సులో బ్రిటనీ తీరాన రాస్కాఫ్ అనే ఊరుంది. అక్కడ పోటు తీసినప్పుడు తడి ఇసుక మీద నాచు పరిచినట్లు పచ్చని మరకలు తేలతాయి. అడుగుల చప్పుడైతే చాలు, ఆ నాచు ఇసుకలోకి ఇంకిపోతుంది! నిజానికి అది నాచు కాదు, లక్షలాది చిన్న పురుగుల గుంపు. 1878లో స్కాట్లండ్ యువ శాస్త్రజ్ఞుడు పాట్రిక్ గెడ్డిస్ వాటిని సముద్రపు నీటి పాత్రలలో ఉంచి ఎండలో పెట్టాడు. బుడగలు వచ్చాయి. ఆ వాయువును పట్టి, ఆరబోతున్న అగ్గిపుల్లను అందులో ఉంచితే భగ్గుమంది. వాయువులో దాదాపు సగం ఆక్సిజనే. దేహంలో పిండిపదార్థమూ దొరికింది. జంతువు మొక్కలా ప్రవర్తిస్తున్నదన్నమాట! ఈ గెడ్డిస్ మనకు పరాయివాడు కాదు. తరువాత నగర నిర్మాణ నిపుణుడై మన దేశానికి వచ్చాడు, 1919లో బొంబాయి విశ్వవిద్యాలయంలో సామాజికశాస్త్ర ఆచార్యుడయ్యాడు, 1920లో జగదీశ్ చంద్రబోస్ జీవిత చరిత్రను ప్రచురించాడు.

పేరు విషయంలో మాత్రం గెడ్డిస్ పొరబడ్డాడు. అప్పటికే తెలిసిన కన్వొల్యూటా షుల్ట్‌జియై అనే జాతిగా దానిని భావించాడు. అది వేరే జాతి అని గుర్తించి, 1891లో కన్వొల్యూటా రాస్కాఫెన్సిస్ అని పేరు పెట్టినవాడు ఆస్ట్రియాలోని గ్రాజ్ నగర ఆచార్యుడు లుడ్విగ్ ఫన్ గ్రాఫ్. ఈ పురుగులకు జీర్ణకుహరం ఉండదు. అందుకే ఈ సమూహానికి 'అసీలా', అంటే కుహరం లేనివి అని పేరు. దీనిని చదును పురుగులలోనే ఒక సరళమైన శాఖగా లెక్కించారు.

మరి ఆ పచ్చదనం ఎవరిది? పురుగు సొంతమా, అతిథిదా? ఇంగ్లండుకు చెందిన కీబుల్, గాంబుల్ అనే ఇద్దరు దీనికి జవాబు వెదికారు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల రంగు లేకుండా ఉంటుందని చూశారు. వడగట్టిన శుద్ధమైన సముద్రపు నీటిలో పెంచితే అది రంగు లేకుండానే ఉండిపోయింది, ఎదగలేదు. శైవలకణాలు లోపలికి చేరితేనే పచ్చబడి పెరిగింది. 1907లో వారు ఈ ఫలితాలను ప్రచురించారు. ఆ శైవలం ఏదో ఖచ్చితంగా గుర్తించి దానికి జాతి నామం ఇచ్చేసరికి 1967 వచ్చింది!

ఇక మిగిలినది వర్గం ప్రశ్న. జీర్ణకుహరం లేదు, మెదడు చాలా సరళం. ఇది చదును పురుగు క్షీణించి ఇలా అయిందా, లేక మొదటి నుంచీ ఇంతేనా? భూతద్దంతో తేలే తగాదా కాదిది. 1999లో బార్సిలోనా శాస్త్రజ్ఞుల బృందం ఒక రైబోసోమ్ జన్యువును అనేక జంతువులలో పోల్చి చూసింది. అసీలా పురుగులు చదును పురుగుల కొమ్మ మీద లేవు. కుడి ఎడమలు ఒకేలా ఉండే జంతువులన్నిటిలోకీ ముందుగా విడిపోయిన శాఖగా కనిపించాయి. 2011లో మరో బృందం వాటిని మన వెన్నెముక జీవుల వైపు బంధువులన్నది. 2016లో వచ్చిన పరిశోధన మళ్ళీ మొదటి చోటికే చేర్చింది. వాదం ఇంకా పూర్తిగా ముగియలేదు. కానీ అవి చదును పురుగులు కావన్న మాట మాత్రం నిలిచింది.

ఇప్పుడు గాజు గోడ దగ్గరకు తిరిగి రండి. ఆ తుప్పు రంగు పురుగులలో ఒకదానిని 1988లో హెండెల్‌బర్గ్, ఆకెసన్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞులు అక్వేరియంలో పెరుగుతున్న జీవుల నుంచే వర్ణించి, కన్వొల్యూట్రిలోబా రెట్రోజెమ్మా అని పేరు పెట్టారు. ఇదీ అసీలా పురుగే, లోపల శైవలాలున్నదే. దేహం వెనుక అంచున మూడు తమ్మెలుంటాయి. అక్కడే పిల్ల మొగ్గలా పుడుతుంది. దాని తల తల్లి తలకు ఎదురు దిక్కున ఉండటం విచిత్రం!

మీరు చూసే పురుగు ఏదో తెలుసుకోవాలంటే భూతద్దం తీసుకోండి. దేహం లోపల శాఖలుగా చీలిన పేగు కనిపిస్తే అది నిజమైన చదును పురుగు. పేగు లేకుండా, వెనుక తమ్మెలతో, వెలుతురు కోసం పాకుతుంటే అసీలా కావచ్చు. ఆ తరువాత మీ జంతుశాస్త్ర పుస్తకం తెరవండి. అసీలాను చదును పురుగుల కింద చేర్చి ఉంటే, ఆ పుస్తకం ఏ సంవత్సరంలో అచ్చయిందో ఒకసారి చూడండి.