శత్రు క్షమ (క్రైస్తవ ధర్మం)

తనకు కీడు చేసినవారి మీద పగ విడిచి, వారి మేలు కోరడాన్ని క్రైస్తవ ధర్మంలో శత్రు క్షమ అంటారు. ఇది మహాత్ములకే చెల్లే గుణంగా కాక, ప్రతి విశ్వాసికీ విధిగా చెప్పిన ధర్మం. ఈ విధి నిత్య పూజలోనే ఎలా వినిపిస్తుందో ఒక ఉదాహరణ చూడవచ్చు. మహారాష్ట్రలోని చంద్రపూర్ ప్రాంతంలో సీరో మలబార్ చర్చికి చెందిన చాందా మేత్రాసనం ఉంది. 1999లో దీని నుంచే ఆదిలాబాద్ మేత్రాసనం వేరుపడింది. మహారాష్ట్ర వైపైనా తెలంగాణ వైపైనా ఈ గుళ్లలో పూజ ఆరంభంలోనే పరలోక జపం చెబుతారు. అందులో భక్తుడు తన తప్పులను మన్నించమని దేవుణ్ణి అడుగుతూ, తనకు తప్పు చేసినవారిని తానూ మన్నిస్తున్నట్టు ఒప్పుకుంటాడు.

ఈ క్షమకు శిక్ష రద్దు కావడమని అర్థం చెబితే క్రైస్తవ గ్రంథానికే అన్యాయం చేసినట్టు. క్షమించే హక్కు దెబ్బతిన్నవారిది, నేరాన్ని విచారించే బాధ్యత రాజ్యానిది. గ్రంథం ఈ రెంటినీ వేరుగానే ఉంచింది. నిర్గమకాండం 23వ అధ్యాయంలో, పగవాడి గాడిద బరువు కింద కూలబడి కనిపిస్తే పక్కకు తప్పుకుపోకుండా దాన్ని లేపడానికి సాయపడాలన్న ఆజ్ఞ ఉంది. అదే అధ్యాయం న్యాయస్థానంలో పేదవాడికి తీర్పు వంకర చేయరాదనీ చెబుతుంది. రోమా పత్రిక 12వ అధ్యాయంలో ఆకలిగొన్న శత్రువుకు అన్నం పెట్టమన్న పౌలు, ఆ వెంటనే 13వ అధ్యాయంలో దుష్టుణ్ణి శిక్షించే అధికారం పాలకులకు ఉందంటాడు. తమను చంపుతున్నవారిని మన్నించమని సిలువపై యేసు చేసిన ప్రార్థన, రాళ్ల దెబ్బలకు ప్రాణం విడుస్తూ ఆదిమ విశ్వాసి స్తెఫను చేసిన విన్నపం గాయపడినవారు స్వయంగా పలికిన మాటలు గనుకే వాటికంత బలం.

సిస్టర్ రాణి మరియా ఉదంతం దీనికి దగ్గరి సాక్ష్యం. ఆమెదీ సీరో మలబార్ సంప్రదాయమే. కేరళలో పుట్టి, మధ్యప్రదేశ్‌లోని ఉదయ్‌నగర్‌లో వడ్డీల కింద నలిగిన పేద రైతుల పక్షాన నిలిచిన ఈ సన్యాసినిని 1995 ఫిబ్రవరి 25న బస్సు ప్రయాణంలో సమందర్ సింగ్ కత్తితో పొడిచి చంపాడు. అతనికి యావజ్జీవ శిక్ష పడింది. 2002లో ఆమె చెల్లెలు సిస్టర్ సెల్మీ పాల్ జైలుకు వెళ్లి అతని చేతికి రాఖీ కట్టింది. చంపిన చేయి అదేనని తెలిసే కట్టింది. ఆ తర్వాత అతని విడుదల కోసం ఆ కుటుంబమూ చర్చీ విజ్ఞప్తి చేశాయి. 2006లో అతను బయటికొచ్చాడు. 2017 నవంబర్ 4న ఇండోర్‌లో రాణి మరియాను ధన్యురాలిగా ప్రకటించిన సభకు అతనూ హాజరయ్యాడు. ఇక్కడ వరుస గమనించాలి: ముందు తీర్పు వచ్చింది, తర్వాత మన్నింపు, విడుదల నిర్ణయం మాత్రం ప్రభుత్వానిదే. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో భర్త గ్రాహం స్టెయిన్స్‌నూ ఇద్దరు కొడుకులనూ సజీవదహనంలో పోగొట్టుకున్న గ్లాడిస్ హంతకులను క్షమించింది. ఆ కేసు మాత్రం ఆగలేదు. ప్రధాన దోషి దారాసింగ్ యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది.

క్షమ నేరగాడికి అలుసిస్తుందన్న ఆక్షేపణకు ఈ రెండు ఉదంతాలే జవాబు. అంతకన్నా బరువైన ఆక్షేపణ దళితుల వైపు నుంచి వస్తుంది: బలహీనుడికి క్షమ బోధించడమంటే నోరు మూయించడమే కదా? దీన్ని తేలిగ్గా తోసిపుచ్చడానికి వీల్లేదు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగ దళితులు హత్యకు గురయ్యారు. అక్కడి మాదిగవాడలో చాలామంది క్రైస్తవులే. చీరాలలో చర్చి ఆవరణలో తలదాచుకున్న బాధితులు అక్కడి నుంచే న్యాయం కోసం పోరాడారు, కేసు 2008లో సుప్రీంకోర్టు తీర్పు దాకా సాగింది. వారు విశ్వాసం తప్పారని ఎవరైనా అంటే అది గ్రంథం తెలియని మాట. లూకా 18వ అధ్యాయంలో న్యాయాధిపతిని వదలకుండా వేధించిన విధవరాలిని యేసు మెచ్చుకునే చెప్పాడు. మన్నించమని బాధితుడిపై ఒత్తిడి తెచ్చే పెద్దమనిషికి గాని, చనిపోయినవారి తరఫున తామే క్షమ ప్రకటించే మతాధికారులకు గాని ఈ బోధలో చోటు లేదు. సెల్మీ పాల్ మన్నింపు ఆమె సొంతం. కారంచేడు తల్లులకు అదే పని చేయమని చెప్పే అధికారం ఆమెకైనా లేదు.